చేతి పనిముట్లు, ఆరుబయటి పాత విద్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరుబయట ఎక్కువ కాలం గడిపిన పాత తరం వాళ్ల దగ్గర కూర్చుంటే, మాట ఎక్కడ మొదలైనా చివరికి గొడ్డలి కామ దగ్గరికో, తడి కట్టెతో నిప్పు చేసుకున్న రాత్రి దగ్గరికో చేరుతుంది. నేను ఈ పనులు నేర్చుకున్నది అలాంటి ఒక పెద్దాయన దగ్గరే. ఏ పని చూపించినా ఆయన ముందు ఒకటే అడిగేవారు: “నార ఎటు పోతోంది?” కర్రలోనూ బెరడులోనూ తాడులోనూ నార ఉంటుంది. అది పోయే దారి కనిపెడితే సగం పని అయినట్టేనని ఆయన లెక్క. ఈ పనుల గురించి నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

యంత్రాలన్నీ ఉండగా ఈ పాత పనులు ఎందుకు నేర్చుకోవాలి?

ఒక పని నేర్చుకునేవాళ్లు లేకపోతే ఒక్క తరంలోనే పోతుంది. బ్రిటన్‌లో 2017లో అంతరించిపోతున్న చేతివృత్తుల జాబితాను మొదటిసారి తయారుచేశారు. అప్పటికే నాలుగు వృత్తులు పూర్తిగా పోయాయని అందులో రాశారు. వాటిలో చెక్క చట్రపు జల్లెడలు అల్లే పని ఒకటి. జల్లెడ చూస్తే ఎంత మామూలు వస్తువు! అయినా చేయగలిగినవాళ్లు మిగల్లేదు. తర్వాత పాత పనిముట్లు వెతికి పట్టుకుని ఆ పనిని మళ్లీ బతికించారు కాబట్టి సరిపోయింది.

అమెరికాలో ఇందుకు తిరగేసిన ఉదాహరణ ఉంది. అక్కడి 1964 నాటి వన్యప్రాంత చట్టం కాపాడిన అడవుల్లో మోటారు యంత్రాలను నిషేధించింది. అందువల్ల దారికి అడ్డంగా పడిన మానులను అటవీ సిబ్బంది ఇప్పటికీ ఇద్దరు పట్టుకుని లాగే పొడవాటి రంపంతో కోస్తారు. ఆ రంపం కోయాలంటే దాని పళ్లు నూరడం తెలిసినవాళ్లు కావాలి. చట్టం రంపాన్ని నిలబెట్టింది, రంపం ఆ విద్యను నిలబెట్టింది.

నా మటుకు నాకు ఇంకో కారణం ఉంది. చేత్తో కోస్తే ఏ కర్ర ఎలాంటిదో తెలుస్తుంది. చేవ ఎక్కడ మొదలైందో, కణుపు ఎక్కడ దాక్కుందో మణికట్టు చెబుతుంది. ఆ ఎరుక కోసమే నేను ఇంకా గొడ్డలి పడుతున్నాను.

మొదట ఏ పనిముట్లు కొనుక్కోవాలి?

నాలుగంగుళాల లోపు అలుగున్న ఒక కత్తి, ఒక మడత రంపం, ఒక సానరాయి. ఇంతే చాలు. గొడ్డలి తర్వాత. చాలామంది గొడ్డలితో మొదలుపెట్టి, దాన్ని నూరడం రాక మూల పడేస్తారు. కత్తి మీద పదును పెట్టడం వచ్చాక గొడ్డలి కొంటే అది మీకు పనికొస్తుంది.

కత్తికి మామూలు కార్బన్ ఉక్కు మంచిదా, స్టెయిన్‌లెస్ మంచిదా? నీటి దగ్గర పనయితే స్టెయిన్‌లెస్. మిగతా చోట్ల నేను కార్బన్ ఉక్కునే ఎంచుకుంటాను. త్వరగా తుప్పు పడుతుంది, నిజమే. కానీ మామూలు రాయి మీద కూడా ఇట్టే పదునెక్కుతుంది, చెకుముకి రాయితో కొడితే కత్తి వీపు నుంచి రవ్వలు కూడా రాలతాయి.

తుప్పు పట్టిన పాత గొడ్డలి తల దొరికింది. అది పనికొస్తుందా?

చాలాసార్లు పనికొస్తుంది. కొత్తది కొనేకంటే మంచిది కూడా కావచ్చు. ముందు నాలుగు చోట్ల చూడండి.

మొదటిది కన్ను, అంటే కామ దూరే రంధ్రం. దాని గోడలు ఉబ్బి బయటికి వంగి ఉంటే, ఎవరో ఆ గొడ్డలి వెనక భాగాన్ని సుత్తిలా వాడారని అర్థం. అందులో కామ సరిగ్గా కూర్చోదు. రెండోది పగుళ్లు. తలను తాడుతో వేలాడదీసి చిన్న ఇనుప ముక్కతో తట్టండి. గంటలా ఖంగుమంటే మంచిది. చప్పగా మోగితే ఎక్కడో పగులు ఉండవచ్చు, కన్ను మూలలు శ్రద్ధగా వెతకండి. మూడోది వాదర, అంటే కోసే అంచు, దగ్గర ఎంత ఉక్కు మిగిలిందన్నది. ఏళ్ల తరబడి నూరి నూరి పొట్టిగా అయిపోయిన తలలో గట్టి ఉక్కు అరిగిపోయి ఉండవచ్చు. దీనికి మంచి పరీక్ష ఉంది. కొత్త ఆకురాయిని వాదర మీద మెల్లగా నెట్టండి. కొంచెం కష్టంగా కొరికితే ఉక్కు సరిగ్గా ఉంది. వెన్నలో దిగినట్టు దిగితే మెత్తబడిపోయింది. అసలు కొరక్కుండా జారిపోతే మరీ గట్టిగా ఉంది, రాయికో కణుపుకో తగిలితే పెచ్చు లేస్తుంది.

నాలుగోది రంగు. పాత పనిముట్ల మీది రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. దాన్ని పొడిగా గీకి దుమ్ము లేపకండి.

తుప్పుకు నేను వెనిగర్ వాడతాను. తలను రాత్రంతా అందులో మునిగేలా ఉంచి, పొద్దున ఇనుప పీచుతో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. రోజుల తరబడి వదిలేస్తే వెనిగర్ మంచి ఉక్కును కూడా తినేస్తుంది. ఎర్ర తుప్పు పోతే చాలు. దాని అడుగున కనిపించే నల్లటి పొర ఇనుముకు కొంత రక్షణే, దాన్ని మెరిసేదాకా రుద్దనక్కర్లేదు. తల మీద తయారుచేసినవాళ్ల ముద్ర ఉంటే దాని జోలికి అసలు పోకండి.

కామ ఎలా ఎంచుకోవాలి? ఎలా బిగించాలి?

“నార ఎటు పోతోంది” అన్న ప్రశ్నకు అసలు బలం ఇక్కడే తెలుస్తుంది.

కామ చివర చూస్తే చెట్టు వయసు గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు గొడ్డలి అలుగుతో ఒకే వాటంగా, వాదర నుంచి వెనక్కి పోతున్నట్టు ఉండాలని పాతవాళ్లు చెబుతారు. మంచి మాటే. కానీ అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కామను పక్క నుంచి చూడండి. నార ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా పోతోందా, లేక మధ్యలో ఏటవాలుగా బయటికి వెళ్లిపోతోందా? బయటికి పోతే, గట్టి దెబ్బ పడిన రోజు కామ సరిగ్గా ఆ వాలు వెంటే విరుగుతుంది. అందుకే దుంగను రంపంతో కోసి తీసిన కామకంటే, చీల్చి తీసిన కామ నమ్మకమైనది. రంపం నారను పట్టించుకోకుండా కోస్తుంది. చీల్చితే చీలిక నార వెంటే నడుస్తుంది. హికరీ, యాష్ లాంటి చెట్లకు ఈ పనిలో పేరు రావడానికి కారణం కూడా వాటి పొడవాటి, తిన్నని నారే. దెబ్బ తగిలినప్పుడు అవి కొంచెం సాగి, మళ్లీ నిలబడతాయి.

కర్ర బాగా ఎండి ఉండాలి. ఎండేటప్పుడు కర్ర పొడవులో దాదాపు తగ్గదు, అడ్డంగానే కుంచించుకుపోతుంది. పచ్చి కామ బిగిస్తే అది కన్నులోనే ఎండి, సన్నబడి, వదులవుతుంది.

ఇక బిగించడం. కామ పై భాగాన్ని కన్నుకు సరిపడేలా కొంచెం కొంచెం చెక్కుతూ, ఎక్కించి చూస్తూ పోవాలి. ఎక్కడ రాసుకుంటుందో అక్కడ నల్లగా మరక పడుతుంది, ఆ మరకనే చెక్కాలి. కామ నెత్తి మీద ముందే సన్నగా రంపంతో ఒక చీలిక కోసి ఉంచుకోవాలి. తలను పూర్తిగా ఎక్కించడానికి చాలామంది దాన్ని నేల మీద పెట్టి సుత్తితో బాదుతారు. అలా వద్దు. తల కిందికి వేలాడేలా కామను గాలిలో నిటారుగా పట్టుకోండి. ఇప్పుడు పైకి వచ్చిన కామ చివర మీద చెక్క సుత్తితో కొట్టండి. తల నేలను తాకకుండానే, దెబ్బ దెబ్బకూ కామ మీద పైకి పాకుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు మాయలా అనిపించింది. బరువైన తల ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, తేలికైన కామ దాని లోపలికి దిగుతుంది, అంతే.

కామ నెత్తి కన్ను దాటి అర సెంటీమీటరు పైకి వచ్చేలా ఉంచి, చీలికలో చెక్క చీల దిగగొట్టాలి. చీల వెడల్పు కన్ను పొడవుకు సమానంగా ఉంటే మంచిది. అలా పైకి వచ్చిన నెత్తి చీల ఒత్తిడికి విచ్చుకుని తలను జారిపోకుండా పట్టి ఉంచుతుంది.

తల వదులైతే నీళ్లలో నానబెట్టమంటారు. నిజమేనా?

ఒక్క పూట పనికి నిజం. తర్వాత అబద్ధం. నీళ్లు తాగిన కర్ర ఉబ్బుతుంది, కానీ చుట్టూ ఇనుము ఉంది కాబట్టి ఎటూ పోలేక దాని నారే నలిగిపోతుంది. ఎండాక ఇంతకుముందుకంటే సన్నబడుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో ఒక గొడ్డలిని ఇలా మూడుసార్లు నానబెట్టాను. నాలుగోసారి దెబ్బ వేస్తుంటే తల ఊడి నా వెనక ఎగిరిపడింది. ఆ సమయంలో వెనక ఎవరూ లేరు. అప్పటి నుంచి పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ తలను పట్టి ఊపి చూస్తాను. కదిలితే చీల తీసి కొత్త చీల వేస్తాను, లేదా కామ మారుస్తాను.

కత్తికి పదును ఎలా పెట్టాలి? ఎంత నూరినా తెగడం లేదు.

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. తెగకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: రాయి వాదరకు తగలడం లేదు, దాని వెనక భుజానికి, అంటే అలుగు వాలు మొదలయ్యే చోటికి, తగులుతోంది. దీన్ని కనిపెట్టడానికి మార్కర్ పెన్నుతో వాదర వెంట సిరా పూయండి. రాయి మీద నాలుగు సార్లు లాగి చూడండి. సిరా ఎక్కడ పోయిందో రాయి అక్కడ తగిలినట్టు. చివరి అంచు దాకా సిరా పోయేలా కోణం మార్చుకోండి.

కోణం ఎంత ఉండాలి? ఆరుబయట వాడే కత్తికి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు. కొలిచే సాధనం అక్కర్లేదు. కత్తిని రాయి మీద నిటారుగా నిలబెడితే 90. అందులో సగం వంచితే 45. మళ్లీ సగం వంచితే ఇరవై రెండున్నర. దానికంటే పిసరంత తక్కువ. ఆ కోణాన్ని మణికట్టు గుర్తుపెట్టుకునేదాకా నెమ్మదిగా చేయండి. వేగానికి ఇక్కడ విలువ లేదు.

ఒక వైపు నూరుతూ ఉంటే, కొంతసేపటికి అవతలి వైపు అంచు మీద సన్నని ఇనుప పొర లేస్తుంది. బొటనవేలిని కత్తి వీపు నుంచి అంచు వైపు అడ్డంగా జారిస్తే గరుగ్గా తగులుతుంది. వేలిని అంచు వెంట పొడవుగా మాత్రం ఎప్పుడూ జరపకండి. ఆ గరుకు మొదలు నుంచి మొన దాకా లేచిందంటే ఆ వైపు పని అయినట్టు. లేవకముందే వైపు మార్చేవాళ్ల కత్తే ఎంత నూరినా తెగదు. రెండో వైపు కూడా అలాగే చేయాలి. ఆ తర్వాత నున్నటి రాయి మీద ఒత్తిడి తగ్గించుకుంటూ ఒకసారి అటు, ఒకసారి ఇటు లాగితే ఆ పొర సన్నబడి రాలిపోతుంది. చివరగా తోలు పట్టీ మీద వెనక్కి, అంటే అంచు వెనకబడేలా లాగాలి. ముందుకు నెడితే పట్టీ తెగుతుంది.

రాళ్ల గరుకును గ్రిట్ అనే అంకెతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన. బాగా మొద్దుబారిన అంచుకు 220 నుంచి 400 గ్రిట్, రోజువారీకి 1000, మెరుగుకు 3000 పైన. ఒక్కటే కొనగలిగితే 1000 కొనండి. నీళ్ల రాయికి నీళ్లే, నూనె రాయికి నూనే. ఒకసారి నూనె తాగిన రాయి మళ్లీ నీళ్లను సరిగ్గా పట్టుకోదు. రాయి మధ్యలో గుంట పడితే అంచు కూడా వంకర తిరుగుతుంది. అందుకే పొడవంతా వాడండి, అప్పుడప్పుడు చదును చేయండి.

పదునైన కత్తి ప్రమాదం కాదా అని అడుగుతారు. మొద్దు కత్తే ఎక్కువ ప్రమాదం. అది తెగదు కాబట్టి మీరు బలం పెడతారు. బలం పెట్టిన చేయి జారినప్పుడు ఎక్కడ ఆగుతుందో మీ చేతిలో ఉండదు.

గొడ్డలిని కూడా అలాగే నూరాలా?

కొంచెం వేరు. ముందు తలను కదలకుండా బిగించి ఆకురాయితో, తర్వాత అరచేతిలో పట్టే గుండ్రటి సానరాయితో చిన్న చిన్న సున్నాలు చుడుతూ నూరాలి. రెండు వైపులూ కలిపి 25 నుంచి 30 డిగ్రీలు ఉంటే చెక్కలో దిగుతుంది, పెచ్చు లేవదు. ఆకురాయి ముందుకు నెట్టేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి, లేకపోతే దాని పళ్లు పోతాయి. దానికి పిడి తప్పకుండా ఉండాలి, చేతికి తోలు తొడుగు ఉండాలి. మీరు నెట్టేది వాదర మీదికే, చేయి జారితే వేళ్లు పోతాయి.

కరెంటు గ్రైండర్ మీద త్వరగా అయిపోతుంది కదా?

అవుతుంది. ఉక్కు కూడా అంతే త్వరగా పాడవుతుంది. వేడెక్కిన ఉక్కు మీద రంగులు పాకుతాయి: 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, 300 దగ్గర నీలం. అంచు నీలమైతే అక్కడ గట్టిదనం పోయినట్టే. వెంటనే నీళ్లలో ముంచినా తిరిగి రాదు. ఆ నీలం భాగమంతా చేత్తో మెల్లగా అరగదీసి తీసేయడమే దారి.

కామకు ఏ నూనె రాయాలి?

అవిసె నూనె. పల్చగా రాసి, అరగంట తర్వాత మిగిలింది తుడిచేసి, ఆరాక మళ్లీ రాయాలి. వార్నిష్ ఉన్న కామ చేతికి బొబ్బలు తెస్తుంది. నేనైతే గీకేస్తాను.

ఒక ప్రాణాపాయమైన సంగతి ఇక్కడ చెప్పాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పడేయకండి. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతూ వేడిని పుట్టిస్తుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక, ఏ నిప్పూ లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. పని అయ్యాక గుడ్డను విప్పి ఆరుబయట ఒంటి పొరగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి. ఇలాగే కాలిపోయిన పనిశాలలున్నాయి.

చెంచాలు, గిన్నెలు చెక్కడానికి ఎండు కర్ర మంచిదా, పచ్చిదా?

పచ్చిది. కత్తి ఎంతో తేలిగ్గా దిగుతుంది. దుంగను నిలువుగా చీల్చి, నడిమి గుజ్జు భాగాన్ని తీసేయండి. పగుళ్లు మొదలయ్యేది అక్కడే. సగం చెక్కి ఆపాల్సి వస్తే, ఆ ముక్కను దాని సొంత చెక్కపేళ్లలోనే కప్పి సంచిలో ఉంచండి. నెమ్మదిగా ఆరుతుంది, చీలదు. గరిటెకు సహజంగా వంగిన కొమ్మ దొరికితే వదలకండి. వంపు వెంట నార కూడా వంగి ఉంటుంది కాబట్టి తిన్నని కర్రలో చెక్కిన గరిటెలా మెడ దగ్గర విరగదు.

కత్తి ఎప్పుడూ నార వాలు కిందికి దిగే వైపే నడవాలి. ఎదురు నడిస్తే అంచు నార కిందికి దూరి చెక్కను పెచ్చులుగా లేపుతుంది. అలా లేస్తోందంటే ముక్కను తిప్పి పట్టుకోండి.

అగ్గిపెట్టె లేకుండా నిప్పు చేయడం నిజంగా కుదురుతుందా?

మనుషులు అగ్గిపుల్ల లేకుండా బతికిన కాలమే ఎక్కువ. గీస్తే వెలిగే అగ్గిపుల్లను ఇంగ్లండ్‌లో జాన్ వాకర్ కనిపెట్టింది 1826లో. లైటర్లలో వాడే రవ్వల లోహానికి కార్ల్ ఆవర్ ఫన్ వెల్స్‌బాక్ పేటెంట్ తీసుకున్నది 1903లో. అంతకుముందు వేల ఏళ్లూ చెకుముకి, రాపిడి, దాచుకున్న నిప్పుకణిక, ఇవే ఆధారం.

1991లో ఆల్ప్స్ పర్వతాల్లో మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి శరీరం దాదాపు 5,300 ఏళ్ల నాటిది. ఆయన సామాను జాబితా చదువుతుంటే నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది. యూ చెట్టు కామకు తోలు పట్టీలతో, బర్చ్ జిగురుతో బిగించిన రాగి గొడ్డలి. యాష్ పిడి ఉన్న చెకుముకి రాతి బాకు, దానికి చెట్టు నారతో అల్లిన ఒర. ఇంకా పూర్తిగా చెక్కని విల్లు. నిప్పు రవ్వను పట్టే పుట్టగొడుగు. బర్చ్ బెరడు డబ్బాలో మేపుల్ ఆకులు, వాటితో పాటు బొగ్గు తునకలు, అంటే నిప్పుకణికలను ఆకుల్లో చుట్టి వెంట తీసుకెళ్లారన్నమాట. ప్రతి పనికీ తగిన చెట్టును వేరువేరుగా ఎంచుకున్నారు. నిప్పు కొత్తగా చేయడంకంటే ఉన్న నిప్పును కాపాడుకోవడం తేలికని కూడా ఆ మనిషికి తెలుసు.

చెకుముకితో రవ్వ వస్తోంది, కానీ ఏదీ అంటుకోవడం లేదు. ఎందుకు?

రవ్వది తప్పు కాదు, దాన్ని పట్టుకునేదే సరిగ్గా లేదు. చెకుముకి రాయి ఉక్కుకంటే గట్టిది. దాని పదునైన అంచు ఉక్కు నుంచి సన్నని రజను గీకుతుంది, ఆ ఇనుప రజను గాలిలో కాలుతూ రాలడమే రవ్వ. అది చిన్నది, క్షణంలో ఆరిపోతుంది. గడ్డి మీద పడితే ఏమీ కాదు. దానికి కాల్చిన నూలు గుడ్డ కావాలి.

చేయడం సులువు. మూత ఉన్న రేకు డబ్బాకు మేకుతో ఒక చిన్న రంధ్రం చేసి, లోపల స్వచ్ఛమైన నూలు గుడ్డ ముక్కలు వేసి నిప్పుల మీద పెట్టండి. రంధ్రం నుంచి పొగ వస్తుంది. పొగ ఆగగానే దించి, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి. వేడిగా ఉండగా తీస్తే గాలి తగిలి గుడ్డంతా బూడిదవుతుంది. సరిగ్గా కాలిన గుడ్డ నల్లగా, మెత్తగా ఉండి, రవ్వ పడగానే ఎర్రటి చుక్కై పాకుతుంది. దాన్ని ఎండిన నార ఉండలో పెట్టి, ముఖం ఎత్తులో పట్టుకుని, పొడవుగా నెమ్మదిగా ఊదండి. ఊపిరి ఎక్కువ పెడితే ఆరిపోతుంది.

రాపిడితో, అంటే విల్లు తాడుతో పుల్లను చెక్క పలక మీది గుంటలో తిప్పి నిప్పు చేయాలనుకుంటే, ముందు అక్కడ రాలే పొడిని చూడండి. పొడి లేత రంగులో గరుగ్గా వస్తే ఒత్తిడి పెంచాలి. ముదురు గోధుమ రంగులో, మెత్తగా వస్తే మీరు దారిలో ఉన్నారు. గుంట నున్నగా మెరుస్తూ పొడి రావడం ఆగిపోతే చిటికెడు ఇసుక వేయండి. పొడి కూడే గాటును గుంట మధ్య దాకా కోయాలి, దాని వెడల్పు వృత్తంలో ఎనిమిదో వంతు ఉంటే చాలు. నాకు మొదటి కణిక రావడానికి చాలా రోజులు పట్టింది. అది వచ్చిన సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది.

వానలో కట్టెలన్నీ తడిసిపోతే?

పైన తడిసినా దుంగ లోపల పొడిగానే ఉంటుంది, ముఖ్యంగా నేలకు తగలకుండా నిలబడి ఎండిన చెట్టులో. మణికట్టు లావు కర్రను చీల్చి, మధ్య భాగం తీసుకుని, దాని మీద కత్తితో సన్నని ఈకల్లా చెక్కండి. ఈకలు ఊడిపోకుండా కర్రకే అంటి ఉండాలి. అలాంటివి నాలుగైదు చేసుకుంటే చితుకులు అక్కర్లేదు. ఇక్కడ కూడా అసలు పరీక్ష కత్తి పదునుకే.

నారతో తాడు పేనడం ఎలా?

ఎవరికైనా నేను మొదట నేర్పించేది ఇదే. దీనికి పనిముట్టు ఏదీ అక్కర్లేదు.

పొడవాటి నార పోగును మధ్యలో పట్టుకుని, మెలిక పడేదాకా పురి తిప్పండి. మెలిక దగ్గర రెండు పాయలు వస్తాయి. పై పాయను మీ నుంచి దూరంగా పురి తిప్పి, దాన్ని రెండో పాయ మీదుగా మీ వైపు తీసుకురండి. ఇప్పుడు పైకి వచ్చిన పాయను మళ్లీ అలాగే. ఇంతే పని, ఎంత పొడవైనా. ఒక్కో పాయ ఒక వైపు విప్పుకోవాలని చూస్తుంది, మొత్తం తాడు దానికి ఎదురు వైపు విప్పుకోవాలని చూస్తుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి ఆపడం వల్లే తాడు నిలుస్తుంది. పాయ సన్నబడుతుండగానే కొత్త నార కలపాలి. రెండు పాయలకూ ఒకే చోట కలపకండి, అక్కడ తెగుతుంది.

ఈ విద్య ఎంతో పాతది. ఫ్రాన్స్‌లోని అబ్రీ ద్యు మారా అనే రాతి ఆశ్రయంలో ఒక రాతి పనిముట్టుకు అంటి మూడు పాయల తాడు తునక దొరికింది. 41,000 నుంచి 52,000 ఏళ్ల నాటిదని, నియాండర్తల్ మనుషులు, అంటే అంతరించిపోయిన మరో మానవ జాతి, పేనిందని 2020లో ప్రకటించారు. మూడు పాయలకూ ఒక వైపు పురి, మొత్తానికి ఎదురు పురి, ఇప్పుడు మన చేతులు చేసినట్టే.

ఎన్ని ముళ్లు నేర్చుకోవాలి?

నాలుగు చాలు, కానీ చీకట్లో కూడా వేయగలగాలి. జారని ఉచ్చుకు బౌలైన్, గుంజకు కట్టడానికి క్లోవ్ హిచ్, రెండు తాళ్లు కలపడానికి షీట్ బెండ్, బిగువు మార్చుకునే డేరా తాడుకు టాట్ లైన్ హిచ్. అందరికీ తెలిసిన రీఫ్ నాట్ మూట కట్టడానికి మాత్రమే. బరువు మోసే రెండు తాళ్లను దాంతో కలపకండి, పక్కకు లాగితే విడిపోతుంది. ఏ ముడి అయినా తాడు బలాన్ని తగ్గిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

దిక్సూచి లేకుండా దిక్కు ఎలా తెలుసుకోవాలి?

పగలైతే నేలలో నిటారుగా కర్ర పాతి, నీడ కొస దగ్గర రాయి పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ కొస దగ్గర ఇంకో రాయి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. ఏ అర్ధగోళంలోనైనా ఇంతే. మధ్యాహ్నం చుట్టుపక్కల చేస్తే గీత బాగా సరిగ్గా వస్తుంది, పొద్దున సాయంత్రం కొంత పక్కకు పోతుంది.

రాత్రి ఉత్తరార్ధగోళంలో సప్తర్షి మండలం చూడండి. చతురస్రం అంచున ఉన్న పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, వాటి మధ్య దూరానికి అయిదింతలు పోతే ధ్రువనక్షత్రం. అది ఆకాశంలో ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో మీరు దాదాపు అన్ని డిగ్రీల అక్షాంశం మీద ఉన్నారు. దక్షిణాన అది కనిపించదు. అక్కడ దక్షిణ శిలువ అనే నక్షత్ర మండలం పొడవాటి గీతను దాదాపు నాలుగున్నర రెట్లు పొడిగించి, ఆ చోటు నుంచి నేలకు దించుకోవాలి.

చెట్టుకు ఉత్తరం వైపే నాచు ఉంటుందంటారు కదా?

నమ్మకండి. నాచు తేమను వెతుక్కుంటుంది, దిక్కును కాదు. దట్టమైన అడవిలో మాను చుట్టూ ఉంటుంది.

చేతి వేళ్లతో సూర్యాస్తమయం లెక్క కట్టవచ్చా?

కట్టవచ్చు, కానీ అందరూ చెప్పే లెక్క అన్ని చోట్లా పనికిరాదు. చేయి చాపి సూర్యుడికీ దిగంతానికీ మధ్య వేళ్లు పేర్చితే ఒక్కో వేలు పావుగంట అంటారు. చాపిన చేతిలో వేలు వెడల్పు రెండు డిగ్రీల లోపు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు నడుస్తాడు. భూమధ్యరేఖ దగ్గర అతను దాదాపు నిటారుగా దిగుతాడు కాబట్టి అక్కడ వేలికి ఎనిమిది నిమిషాలే. ఉత్తర యూరప్ లాంటి చోట్ల బాగా ఏటవాలుగా దిగుతాడు, అక్కడ వేలికి పావుగంట సరిపోతుంది. పైగా భూమధ్యరేఖ వైపు సంధ్యవెలుగు కూడా త్వరగా పోతుంది. ఆ లెక్క నమ్మి అక్కడ డేరా వేయడం ఆలస్యం చేస్తే చీకట్లో పడతారు. మీరుండే చోట ఒక సాయంత్రం గడియారం పక్కన పెట్టుకుని మీ వేలి లెక్క మీరే తేల్చుకోండి.

పిల్లలకు ఎప్పుడు మొదలుపెట్టాలి?

తాడుతో మొదలుపెట్టండి, వయసుతో పనిలేదు. కత్తి ఇచ్చేటప్పుడు కూర్చునే చెక్కాలి, మోచేతులు మోకాళ్ల మీద ఉండాలి, చేయి చాపితే అందేంత దూరంలో ఎవరూ ఉండకూడదు. వాళ్లకు మొద్దు కత్తి ఇవ్వకండి. చిన్న గొడ్డలి పెద్దవాళ్లకైనా మోకాళ్ల మీద కూర్చునే వాడమని చెబుతాను. గురి తప్పితే అది నేలకు తగులుతుంది, కాలికి కాదు.

పనిముట్లను ఎలా దాచాలి?

నూనె రాసి, గాలి ఆడే పొడి చోట. కత్తిని నెలల తరబడి తోలు ఒరలో ఉంచకండి. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది, పచ్చి తోలును శుద్ధి చేసేటప్పుడు వాడిన లవణాలు కూడా అందులో మిగిలి ఉండవచ్చు. ఒరలోనే తుప్పు మొదలవుతుంది, మీకు తెలియదు. ఒర వేరుగా, కత్తి వేరుగా వేలాడదీయండి. ఒరకు తేనెమైనం పూయండి. మైనం 62 డిగ్రీల పైన కరుగుతుంది, నేరుగా మంట మీద పెడితే అంటుకునే ప్రమాదం ఉంది. వేడి నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. గొడ్డలిని కామ మీద నిలబెట్టడంకంటే తలతో మేకులకు తగిలించడం మేలు. కామ నేల తేమను తాగదు.